నడిమిట్ల దీవి

ఇరవై అయిదు కిలోమీటర్లు, గంతే సముద్రం.
కోరుట్లల బస్సెక్కినోడు
మెట్‌పల్లి దాటినంక ఇంకో కునుకు తీసేంత దూరం.

ఈ దరి ఖోబర్, నేను.
ఆ దరి మనామా, మా సడ్డకుడు రాజమల్లు.
రెండు రాజ్యాల నడుమ ఒక బ్రిడ్జి,
బ్రిడ్జి నడిమిట్ల ముద్రలు కొట్టే దీవి.

నాది ట్రాలా. వారానికి మూడు సార్లు
సిమెంటుతోని పోవుడు, ఉత్తగ వచ్చుడు.
శుక్రారం రాత్రి లైన్ల ఇరుక్కుంటే
ముంగట ఎర్ర లైట్లు, ఎనుక తెల్ల లైట్లు,
కింద నీళ్లున్నయన్న సంగతే యాదికుండది.
"సముద్రం మీద గూడ జామైతదా?"
ఫోన్ల లస్మి నవ్వుతది.
నవ్వుతాంటే గూడ కత్తెర ఆగది.
తునికాకు కిర్రుకిర్రున తెగుడు
ఇంజన్ సప్పుడుల నాకు ఇనబడ్తనే ఉంటది.

రాజమల్లుకు కాయితం లేదు.
కఫీల్ దాసిపెట్టుకున్నడని ఇంట్ల చెప్పిండు,
తనే ఇడిశిపెట్టి ఉరికిన్నని నాకు చెప్పిండు.
ఏది నిజమని నేనడగలే.
కాయితమున్నోనికి అది అరగంట బ్రిడ్జి.
లేనోనికి ఎంతో
కట్టిన ఇంజనీర్లకు గూడ తెల్వది.

ఒకపారి ఊరినుంచి వచ్చినోని చేత
పోసవ్వ మొగనికి బీడీలు పంపింది,
కార్ఖానాల సేటు పక్కకేసిన వంకర బీడీలు,
పాతిక కట్టలు, పాత చీర పేలికల సుట్టి.
దీవి కాడ కస్టమ్స్ పోరగాడు
ఒక కట్ట ముక్కుకాడ పెట్టుకొని ఏందిదన్నడు.
నాకొచ్చిన అరబ్బీ పిడికెడు.
"వరక్" అన్న.
ఆకుకూ కాయితానికీ వాళ్లకు ఒక్కటే మాట.
వాడు నా మొఖం దిక్కు చూసిండు,
నవ్విండో, బీడీ ఘాటుకు తుమ్మిండో,
పో అన్నడు.
గట్ల ఆ రోజు
మా రాజమల్లు కాడికి వరక్ చేరింది.

గోదాం ఎనుక పాత టైర్ల మీద కూసొని
ఒక్కటి ముట్టియ్యబోయి ఆగిండు.
దారం ముడి ఎలుతురుకు పెట్టి చూసిండు.
"ఇది పోసి ముడి కాదురా.
బిడ్డ నేర్సుకున్నట్టుంది."
అది జేబుల పెట్టుకున్నడు. ఇంకోటి తియ్యలే.

తొమ్మిదేండ్లకు క్షమాభిక్ష అన్నరు.
వాడు మనామాల, నేను దమ్మామ్‌ల విమానమెక్కి
ఒక్క దినమే దిగినం.
హైద్రాబాద్‌ల బస్సు, కోరుట్లల జీపు,
జీపు వాగు కాడ ఆగింది.

మా వాగుకు బ్రిడ్జి ఉన్నది. అంటే
నాలుగు పిల్లర్లున్నయి, నెత్తిమీద ఇనుప సువ్వలు,
సువ్వకొక కొంగ.
ఎండకాలం పిల్లర్ల పక్కపొంటి మట్టి బాట,
ముసురు పట్టిందంటే ఆ బాట గోదారికి వోతది.

ఆ దరి మా ఊరు. కుక్క మొరిగితే
ఎవలింటి కుక్కనో చెప్పొచ్చు.
రెండు వందల గజాలుంటదేమో, ఎర్ర నీళ్లు.
నడిమిట్ల దీవి లేదు,
ముద్ర కొట్టెటోడు లేడు.
సూట్‌కేసుల మీద కవరు కప్పి
వాటి మీదనే కూసున్నం.
"తెల్లారితే తగ్గుతది" అన్నడు జీపాయన.
మూడొద్దులసంది గదే మాటంటున్నడట.

చీకటి పడ్డంక ఆ దరికి ఎవరో వచ్చిండ్లు.
ఫోన్ లైటొకటి ఊగుతాంది.
పోసవ్వనో, బిడ్డనో.
రాజమల్లు లేసి నిలవడ్డడు. పిలువలే.
పిలిచినా ఆ మోతల ఇనరాదు.
అగ్గిపుల్ల గీసి పైకెత్తి పట్టిండు,
వానకు ఆరింది.
ఇంకోటి గీసిండు.
ఆ దరి లైటు ఊగుడు ఆపింది.
ఇంకోటి.
పెట్టెల ఎన్ని పుల్లలు మిగిలినయో
నేను లెక్కవెట్టలే.